బస్తాలు పాడిన పాట

ఈ మధ్య మా ఇంటికి పాటలు పాడే పిల్లలు వస్తున్నారు. ఒళ్లో కంప్యూటర్, చెవుల్లో తీగలు. ఒక్క లైను పాడండి అంకుల్ చాలు, మిగతాది మేము అతికించుకుంటాం అంటారు. అతికించుకోవడమేమిటర్రా, పాటేమన్నా చిరిగిన చొక్కానా? మా కాలంలో పాట ఎత్తుకుంటే చివరిదాకా పాడాల్సిందే. ఆఖరి చరణంలో ఎవడైనా తుమ్మితే మళ్లీ మొదటి నుంచి. ఆ తుమ్మినవాడిని మిగతావాళ్లు ఎలా చూసేవాళ్లో మీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది.

నేను మేడ్చల్‌లో హార్మోనియం వాయిస్తూ, పాడుతూ, క్యాసెట్లు రికార్డు చేస్తూ బతికినవాణ్ని. రిటైరయ్యానని చెప్పుకుంటాను గానీ నన్నెవరూ రిటైర్ చేయలేదు, క్యాసెట్లే రిటైరయ్యాయి. మీరిప్పుడు కవర్ వర్షన్ అని ముద్దుగా పిలుచుకుంటున్నదాన్ని మేము నిజాయితీగా కాపీ పాట అనేవాళ్లం. సినిమాలో హిట్టయిన పాటను అచ్చం అదే గొంతుతో పాడాలి, లేదంటే ఆ ట్యూనులోనే దేవుడి పేరు పెట్టి పాడాలి. ఈ పనిలో నాకు మంచి పేరుండేది. ఏ గాయకుడి గొంతయినా దింపేసేవాణ్ని. ఆయన ఊపిరి ఎక్కడ పీల్చుకుంటే నేనూ అక్కడే పీల్చుకునేవాణ్ని. ఇంట్లో మా ఆవిడ, నీ గొంతుతో మాట్లాడి ఎన్ని రోజులైంది అని అడిగేది.

మా స్టూడియో మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఒక కోళ్ల ఫారంలో ఉండేది. ఫారంలో అంటే దాణా గోదాంలో. నవ్వకండి. సిటీలో స్టూడియోల వాళ్లు గోడలకు ఖరీదైన దూది బల్లలు కొట్టించుకునేవాళ్లు, శబ్దం తిరిగి రాకుండా. మాకు ఆ పని మక్కల బస్తాలు, తవుడు బస్తాలు చేసిపెట్టేవి. చుట్టూ కప్పు దాకా బస్తాలు, మధ్యలో చాప, చాప మీద మేము. గొంతు ఎంత శుభ్రంగా వచ్చేదో చెప్పలేను. తంటా ఒక్కటే, బస్తాలను కోళ్లు తింటాయి. లోడు దిగిన కొత్తలో మా రికార్డింగ్ దివ్యంగా ఉండేది. రోజులు గడిచేకొద్దీ గోడలు బయటపడి గొంతు గుయ్యిమనేది. లోడు ఆలస్యమైతే బావిలో పడ్డవాడు అరిచినట్టుండేది. మా పాత క్యాసెట్ ఎక్కడైనా దొరికితే వరసగా వినండి, కోళ్లు ఎంత తిన్నాయో చెప్పేయొచ్చు.

ఫారం ఒక పటేలుది. ఊళ్లో పొలాలున్న కుటుంబం, అప్పటికే ప్లాట్ల బేరాల్లోకి దిగుతున్నాడు. పాటంటే ఇష్టం కాబట్టి గోదాం వాడుకోమన్నాడు. ఒకే షరతు పెట్టాడు.

"ఎన్ని పాటలన్న పాడుకో. నా కోళ్లు బెదిరినయంటె మాత్రం నీ హార్మోనియం రోడ్డు మీద ఉంటది."

కోళ్ల ఫారాల్లో పొద్దంతా రేడియోనో టేపో మోగుతుంటుంది, ఎందుకో తెలుసా? కోళ్లకు సంగీతం ఇష్టమని కాదు. చప్పుడు అలవాటుంటే ఉన్నట్టుండి ఏ లారీయో హారన్ కొట్టినా బెదరవు. బెదిరితే రెక్కలు కొట్టుకుని ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, గుడ్లు పెట్టడం తగ్గిస్తాయి. అయితే మేము రికార్డు చేసేటప్పుడు షెడ్డులో టేపు ఆపాలి కదా, లేకపోతే అదీ మా మైకులో పడుతుంది. ఆపితే కోళ్లు చెవులు రిక్కించుకుని ఉంటాయి. అప్పుడు మా ఢోలక్ భాయ్ ఫట్టుమని మొదటి దెబ్బ వేశాడంటే ఇక అంతే.

అందుకని మా పాటలన్నీ మెల్లగా మొదలయ్యేవి. మాస్ పాటయినా సరే, ముందు నేను ఊఁ ఊఁ అని జోల పాడినట్టు తీసేవాణ్ని, తర్వాత భాయ్ వేళ్ల కొసలతో దరువు అందుకునేవాడు, కోళ్లు కుదురుకున్నాక అసలు పాట. జనానికి ఇదంతా ఏం తెలుసు? అది నా శైలి అనుకున్నారు. ఒకాయన నన్ను సభలో పట్టుకుని, మీ ఎత్తుగడలో ఒక తాత్వికత ఉందండీ అన్నాడు. ఉందండీ అన్నాను.

ఢోలక్ భాయ్‌ది శామీర్‌పేట. మేకల బేరం చేసేవాడు. సంతకు పోయినా ఢోలక్ వెంట ఉండేది. నన్ను ఉస్తాద్ అని పిలిచేవాడు గానీ ఆ పిలుపులో మర్యాద పాలు తక్కువ, వెక్కిరింత పాలు ఎక్కువ. షెడ్డులో టేపు ఆపడం, పెట్టడం మాత్రం దాణా అవ్వ చేతిలో ఉండేది. దాణా పోసేది, గుడ్లు ఏరే ఆడవాళ్లందరికీ పెద్ద. కోళ్లను బిడ్డలని, మమ్మల్ని గోదాంలో చేరిన ఎలుకలని అనుకునేది. రేడియోలో మాటలు ఎక్కువ, పాటలు తక్కువ అని ఆమె మా రిహార్సల్ క్యాసెట్లు తీసుకుపోయి కోళ్లకు పెడుతుండేది. మేము పట్టించుకోలేదు. ఎవరో ఒకరు వింటున్నారు కదా అనుకున్నాం.

ఇక అసలు సంగతి. కాపీలు కొట్టీ కొట్టీ ఒక వేసవిలో నాకు నా సొంత పాట ఒకటి పుట్టింది. ఆ ఏడు మబ్బులు కీసర వైపు పోయి కురిసేవి, మేడ్చల్ మీద నీడ వేసి పోయేవి. ఫారం ముందు నిలబడి చూస్తుంటే ఒళ్లు మండేది. ఆ మంటలో వచ్చింది:

మొగులమ్మో మొగులమ్మా, మా తొవ్వ మరిచినవా
కీసర మీద కురిసినవు, మా మీద అలిగినవా

మొగులంటే మా వైపు మబ్బు. ట్యూను నాదే. మాట నాదే. పాడుకుంటే నా గొంతే వచ్చింది, ఇంకెవరిదీ రాలేదు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, ఎవరొచ్చారు అని అడిగింది. అప్పటి నుంచి నాకు పిచ్చి పట్టింది. ఈ పాట క్యాసెట్‌లో రావాలి, కింద నా పేరుండాలి. అంతే. చచ్చేలోగా ఒక్కటైనా నాది అనిపించుకోవాలి కదా.

మా క్యాసెట్లు వేసేది సికింద్రాబాద్‌లో ఒక సేటు. మంచివాడే, చెవి మాత్రం వ్యాపారిది. సొంత పాట అనగానే పంటి నొప్పి వచ్చినట్టు మొహం పెట్టాడు. నెలల తరబడి వెంటపడితే, ఈసారి కాపీ పాటల క్యాసెట్‌లో రెండో వైపు చివర కొంచెం టేపు మిగులుతుంది, నేనే వచ్చి వింటా, నచ్చితే వేస్తా, నచ్చకపోతే మళ్లీ ఆ మాట ఎత్తొద్దు అన్నాడు. మిగిలిన టేపులో అయినా సరే, నాకు మహాప్రసాదం.

దాణా లోడు దిగిన మర్నాటికి రమ్మని చెప్పాను. బస్తాలు నిండుగా ఉంటాయని లెక్క. సేటు చెప్పిన రోజుకే వచ్చాడు, లోడు రాలేదు. లారీ ఎక్కడో దారిలో పడిపోయిందట. గోదాం తలుపు తీస్తే నాలుగు గోడలు, ఒక చాప, మూలన చీపురు. తవుడంతా కోళ్ల పొట్టలోకి పోయింది. నేను అయ్యో అన్నాను. నాలుగు వైపుల నుంచీ అయ్యో అయ్యో అని తిరిగొచ్చింది.

బయట సేటు కారు దిగుతున్నాడు. ఇంకో రోజు రండి అంటే ఆయన జన్మలో రాడు. నేను నెత్తి పట్టుకుని కూర్చుంటే భాయ్ గోదాంను అటూ ఇటూ చూసి, బీడీ ఆర్పేసి చెప్పాడు.

"బస్తా పని ఏంది ఉస్తాద్? సప్పుడు గాకుంట కూసునుడే గద. మనుషులను కూసోబెడ్దాం. మెత్తగనే ఉంటరు."

మీరు నవ్వుతారు గానీ ఇందులో తప్పేం లేదు. జనం నిండిన హాల్లో గొంతు తిరిగి రాదు, ఖాళీ హాల్లో వస్తుంది. అప్పుడే గుడ్లు ఏరే ఆడవాళ్లు అన్నాలకు లేచారు. భాయ్ పోయి అవ్వ కాళ్లావేళ్లా పడ్డాడు. ఆమె షెడ్డులో టేపు ఆపి అందరినీ తోలుకొచ్చింది. గోడల వెంట రెండు వరసలుగా కూర్చోబెట్టాం. ఇంకా కొంచెం గుయ్యిమంటుంటే ఖాళీ గోనె సంచులు తెచ్చి తలా ఒకటి కప్పాం. సంచుల్లో మిగిలిన తవుడు వాళ్ల జుట్టు మీద పడింది. ఒకామె చంకలో పసిపిల్ల, దానికీ ఒక చిన్న సంచి. మీరు ఇప్పుడు మనుషులు కాదు, బస్తాలు, బస్తాలు మాట్లాడవు, కదలవు, నవ్వవు అని నేను గట్టిగా చెప్పాను. చప్పట్లు కొట్టి చూశాను. గోదాం లోడు దిగినట్టే ఉంది.

సేటును పక్క గదిలో టేపు ముందు కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాను. లోపలికి చూడనివ్వలేదు. పాట పాడే చోట వేరే మనిషి ఉంటే నాకు గొంతు రాదు సేట్ అని చెప్పాను.

అంతలో పటేలు తలుపు తోసుకుని వచ్చాడు. తన ఫారంలో పని చేసే ఆడవాళ్లంతా గోనె సంచులు కప్పుకుని గోడలకు ఆనుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉన్నారు. ఆయన గుమ్మంలోనే నోరు తెరిచి నిలబడిపోయాడు. ఏందిది అన్నాడు. ఎవరూ పలకరు. ఏమే, నిన్నే అడిగేది అన్నాడు అవ్వతో. అవ్వ పెదవులు కదలకుండా పళ్ల సందులోంచి జవాబిచ్చింది.

"బస్తాలం పటేలా. మాట్లాడొద్దన్నరు."

అంత పెద్ద మనిషి, ఏమనుకున్నాడో, మెల్లగా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

మొదలుపెట్టాను. ఊఁ ఊఁ అని ఎత్తుకున్నాను. భాయ్ వేళ్లు ఢోలక్ మీద నడిచాయి. మొదటి చరణం నా బతుకులో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. కళ్లు మూసుకుని రెండోసారి పల్లవికి వచ్చేసరికి నా గొంతు వెనక ఇంకేదో వినపడింది. కళ్లు తెరిచాను. బస్తాలు కూనిరాగం తీస్తున్నాయి. కళ్లెర్రజేశాను. ఆగాయి. మళ్లీ పల్లవి, మళ్లీ అదే. మూడోసారికి నోళ్లు తెరిచి పాడేస్తున్నారు. పాట అయిపోయింది, నేనాగాను, వాళ్లు ఆగలేదు. అవ్వ సంచి వెనక్కి నెట్టి, కళ్లు మూసుకుని, నేను రాయని చరణం ఒకటి ఎత్తుకుంది:

సాపేసి పిలిస్తిని, సల్ల పోసి పిలిస్తిని
ఆడిబిడ్డ లెక్క నువ్వు అరుగెక్కక పోతివి

పచ్చి నిజం చెబుతున్నాను, నా చరణాల కంటే అది బాగుంది.

విషయం నాకప్పుడు తట్టింది. నా రిహార్సల్ టేపు ఎండాకాలమంతా కోళ్ల షెడ్డులో మోగింది. కోళ్లతోపాటు గుడ్లు ఏరే ప్రతి ఆడమనిషికీ ఆ పాట నోటికి వచ్చేసింది. ఇక వాళ్లను నోరు మూసుకోమంటే ఎలా మూసుకుంటారు?

సేటు హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. గోనె సంచులను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు గానీ వ్యాపారి కాబట్టి త్వరగానే తేరుకున్నాడు. ఇది నీ సొంత పాట అన్నావు కదా, వీళ్లందరికీ ఎలా వచ్చు అని నిలదీశాడు. నేను చెప్పబోయాను. టేపు, కోళ్లు, రిహార్సల్... అవ్వ నన్ను పూర్తి చేయనివ్వలేదు. ఈయనదేంది, ఇది మా అవ్వ నాట్లేసేటప్పుడు పాడేది, నాకు నోట్ల పండ్లు మొలవకముందు విన్న అంది. అబద్ధం ఆడటం లేదు, పాపం. నిజంగానే అలా గుర్తుంది ఆమెకు. పక్కనున్న బస్తాలన్నీ అవునవునని తలలూపాయి. ఒకామె మా పుట్టింట్లో కూడా పాడతారంది.

సేటు మొహం వెలిగిపోయింది. నన్ను పక్కకు తీసుకుపోయి భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడు, నీదైతె నాకు వద్దు. కొత్త పాట ఎవడు ఇంటడు? జనం పాటయితె ఇగ ఇప్పుడే తీస్కపోత. చెప్పు, నీదా, జనానిదా?"

నేను భాయ్ వైపు చూశాను. నోరు తెరిస్తే చాలు జోకు వేసే మనిషి, ఢోలక్ తాళ్లు బిగిస్తున్నట్టు తల దించుకున్నాడు. ఏడుపొచ్చింది నాకు. నాది అంటే పాట ఈ గోదాం దాటదు. జనానిది అంటే పాట ఊళ్ల మీదికి పోతుంది, నేను ఇక్కడే ఉంటాను. పేరా, పాటా? గోనె సంచి కప్పుకున్న పసిపిల్ల నన్నే చూస్తోంది.

"పాత పాటనే సేట్," అన్నాను.

ఇక సేటుకు హుషారొచ్చింది. మళ్లీ పాడండి, ఈసారి అమ్మలక్కలంతా గట్టిగా పాడాలి అన్నాడు. అంతే, ఒక్కరి నోరూ పెగల్లేదు. ఇప్పటిదాకా ఆగమంటే ఆగనివాళ్లు పాడమనేసరికి కొంగులు నోట్లో కుక్కుకుని ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. సేటు బతిమాలాడు, నేను బతిమాలాను. అవ్వ కూడా గోడ వైపు తిరిగి కూర్చుంది. చివరికి మళ్లీ భాయే పూనుకున్నాడు. ఏమీ పాడొద్దు, సంచులు కప్పుకోండి, మళ్లీ బస్తాలైపోండి, నోరు తెరిచినోళ్లను బయటికి పంపిస్తా అని కసిరాడు. అందరూ బుద్ధిగా సంచులు కప్పుకున్నారు. నేను ఊఁ అన్నాను. రెండో పల్లవికల్లా గోదాం దద్దరిల్లింది.

ఆ పాటే క్యాసెట్‌లోకి ఎక్కింది. అట్ట మీద నా ఫోటో ఉంది. కాపీ పాటల పక్కన గానం అని నా పేరుంది. ఆ ఒక్క పాట పక్కన జానపదం అని వేశారు. కాపీలన్నీ నావయ్యాయి, నాది ఊరిదైంది. భాయ్ ఆ క్యాసెట్ పట్టుకుని, ఉస్తాద్, నువ్వు బతికుండంగనే జానపదమైపోయినవ్, మామూలు మాట గాదు అన్నాడు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

పాట మాత్రం ఊళ్లు పట్టుకుని పోయింది, మా మాట కోసం ఆగలేదు. పెళ్లి పందిళ్లలో, టెంట్ హౌస్ మైకుల్లో, వాన పడని ఏడు చెరువు గట్ల మీద, ఎక్కడ పడితే అక్కడ వినపడేది. నేను అది నాదని ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వినేదెవరు? తర్వాత సీడీలొచ్చాయి, ఫారం పోయి ప్లాట్లు పడ్డాయి, అవ్వ కాలం చేసింది. భాయ్ మేకల బేరం మానేసి మనవళ్లకు ఢోలక్ నేర్పుతున్నాడు. నేను హార్మోనియంకు బట్ట కప్పేశాను.

చాలా కాలానికి బహదూర్‌పల్లి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ చదువుతుందట, పాత పాటలు కొత్తగా పాడి కంప్యూటర్‌లో రికార్డు చేస్తుందట. హార్మోనియం వాయించే పెద్దాయన కావాలి అంది. పోయాను. అద్దె గది, గోడలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి, నాకు మనసు కొంచెం మెత్తబడింది. ఏ పాటమ్మా అంటే, మొగులమ్మో అంది.

హార్మోనియం తీసి వాయించాను, పల్లవి కూడా అందుకున్నాను. ఆ పిల్ల మొహమాటంగా నన్ను ఆపింది.

"సార్, ఏమనుకోకున్రి. ఒరిజినల్ల గిట్ల ఉండదు. మీరు జర మార్చి పాడుతున్రు."

నా ఇన్నేళ్ల ఓర్పూ అక్కడ తెగిపోయింది. అమ్మా, ఆ పాట నేనే కట్టాను అని కడుపులో ఉన్నదంతా కక్కేశాను. గోదాం, లోడు రాకపోవడం, గోనె సంచులు, సేటు, అంతా. ఆ పిల్ల నవ్వలేదు, మంచి పిల్ల. ఓపికగా విని, నీళ్ల గ్లాసు చేతికిచ్చి, మొన్న కీసరలో ఒక సారు కూడా సరిగ్గా ఇదే చెప్పాడంది. ఆ పాట ఆయనే కట్టాడట. ఆయన పాటలో మబ్బు కీసర మీద అలిగి మేడ్చల్ మీద కురుస్తుందట.

మొదట ఒళ్లు భగ్గుమంది. ఎవడు వాడు? నా పాటను ఎత్తుకుపోయింది కాక, నా వానను కూడా తిప్పేశాడా? మేడ్చల్‌లో ఆ ఏడు చుక్క పడలేదు! అలా రెండు నిమిషాలు రుసరుసలాడాను. ఆ తర్వాత ఎందుకో లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వాను. ఆ పిల్ల భయపడింది.

ఎందుకంటే, నేను బతుకంతా పెద్ద పెద్ద గాయకులను కాపీ కొట్టాను. బాగోలేని పాట ఒక్కటీ కాపీ కొట్టలేదు. పనికిరాని పాటను ఎవడు కాపీ కొడతాడు? ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కీసరలో కూర్చుని, నా పాట కోసం, ఇది నాదే అని ఒట్టేసి అబద్ధం ఆడుతున్నాడు. అంత గొప్ప సన్మానం నాకెవరూ చేయలేదు. సంతోషంతో గుండె నిండిపోయింది.

"ఆయన ఎట్ల పాడిండమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల, మీ కన్నా మంచిగనే పాడిండు సార్ అంది. ఫోన్‌లో రికార్డు కూడా చేసుకుందట.

వినిపించమన్నాను. ఆయన ఊపిరి ఎక్కడ పీల్చుకుంటున్నాడో జాగ్రత్తగా గమనించాను. తర్వాత హార్మోనియం దగ్గరికి లాక్కుని, ఆయన గొంతు దింపేసి, పాట మొదటి నుంచి ఎత్తుకున్నాను.